మర్యాదగా చేరిన మాట

మాటా మాటా పెరగకూడదని మంత్రులకూ కలెక్టర్లకూ మధ్య, మెడలో వేసుకునే యంత్రాలు పెట్టి పదేళ్లయింది. ఎవరేం చెప్పినా అవి మర్యాదగా మార్చి అవతలివారికి వినిపిస్తాయి.

"ఏటిగట్టు తెగిపోతోంది సార్! లంకలో నాలుగొందల మంది ఉన్నారు. ఇప్పుడే బోట్లు పంపండి!" అని కలెక్టర్ ఇందుమతి ఫోన్లో గొంతు చించుకుని అరిచింది. మంత్రి సాంబయ్యకు మాత్రం, "గట్టు విషయం తమరు వీలు చూసుకుని పరిశీలించ ప్రార్థన" అని వినిపించింది.

మూడోనాడు, బురదలో వరసగా పడుకోబెట్టిన శవాల దగ్గర ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు.

"గట్టిగా ఓ మాట చెప్పుంటే పంపేవాణ్ణి కదమ్మా!" అన్నాడు సాంబయ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఇందుమతికి ఏడుపు పొంగుకొచ్చింది. "చెప్పాను సార్" అనడానికి నోరు తెరిచేలోగా, ఆమె మెడలోని యంత్రం మృదువుగా పలికింది:

"తమరి సానుభూతికి కృతజ్ఞతలు సార్."