స్టూలు మీద మనిషి

మోడల్ ఇంకా రాలేదు. పిల్లలు అప్పుడే ఒకరి చెవులకు ఒకరు రంగులు పూసుకుంటున్నారు. డ్రాయింగు టీచరు తల పట్టుకుంది.

మ్యూజియం పై అంతస్తులో పాతకాలపు పెద్దమనుషుల చిత్తరువుల ప్రదర్శన నడుస్తోంది. అవి చూసొచ్చిన పిల్లల చేత కింద గదిలో మనుషుల బొమ్మలు వేయించడం ఆమె పని. అంతా చూసొచ్చి పిల్లలు తేల్చిందేమిటంటే, ఆ పెద్దమనుషులందరికీ కడుపునొప్పి. నిజం మనిషిని ఎదురుగా కూర్చోబెడితే తప్ప లాభం లేదనుకుని, తోటి ఉద్యోగి చేత ఎవరికో ఫోను చేయించి మోడల్‌ను కుదుర్చుకుంది.

ఇది చాలదన్నట్టు, కొత్త డైరెక్టరు గది చూడటానికి వచ్చేదీ ఇవాళే. ఈ వారమే చేరాడు. మనిషి ఎలా ఉంటాడో ఆమెకు తెలియదు. పిల్లల క్లాసు ఎత్తేసి ఈ గదిలో కాఫీ కొట్టు పెట్టించాలని ఆయన ఆలోచనట. నేల నిండా రంగులు, గోడల నిండా వేలిముద్రలు. ఏ డైరెక్టరుకైనా కాఫీ కొట్టే నయమనిపిస్తుంది.

తలుపు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, భుజాన సంచి.

"పిల్లలు బొమ్మలు వేసేది ఇక్కడేనా?"

"ఇక్కడే. ఇంత ఆలస్యమైతే ఎలాగండీ? రండి, కూర్చోండి."

రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళి స్టూలు మీద కూలేసింది. ఆయన ఏదో చెప్పబోయాడు. మాట్లాడితే మూతి గీత మారిపోతుందని నోరు మూయించింది.

పిల్లలు పనిలో పడ్డారు. వాళ్ళకు మొహమాటం లేదు. ముక్కు కాగితంలో పట్టడం లేదని ఒకడు. బట్టతల తేలిక కాబట్టి ముందు అది వేసేస్తానని ఇంకొకడు. కళ్ళజోడు పిల్ల లేచి వెళ్ళి, ఆయన చెవిలోకి తొంగిచూసింది.

"టీచర్, ఇక్కడ గడ్డి మొలిచింది. అది కూడా వెయ్యాలా?"

కనిపించిందల్లా వేయమంది టీచరు. స్టూలు మీది మనిషి గుటక మింగాడు. గుటక మింగినా గీత మారిపోతుందని ఆమె కసిరింది.

అంతలో గుమ్మంలో సూటు, టై, తళతళలాడే బూట్లు. డైరెక్టరే అనుకుంది టీచరు. చేతుల రంగు బట్టలకే తుడుచుకుని ఎదురెళ్ళింది. ఉన్న ఒక్క మంచి కుర్చీ వేసింది. టీ తెప్పించింది. బిస్కెట్ల డబ్బా పిల్లల దగ్గర లాక్కుని మరీ ముందు పెట్టింది. సూటాయన మొహమాటపడుతూనే డబ్బా సగం ఖాళీ చేశాడు.

అదను చూసి ఆమె తన గోడు వెళ్ళబోసుకుంది. ఆ కళ్ళజోడు పిల్ల ఇంట్లో నోరు విప్పదని, ఇక్కడికొస్తేనే మాట్లాడుతుందని చెప్పింది. ఆ పొడుగు కుర్రాడు బడి మానేశాడుగానీ ఈ గది మానలేదంది. ఇది కాస్తా మూతపడితే వాళ్ళు ఎక్కడికి పోతారని అడిగింది. పిల్లల పెన్సిళ్ళు ఆగాయి.

"ఇంత మంచి పని ఎత్తేయడమేమిటమ్మా? నా మాట వింటే ఇలాంటి గదులు ఇంకో రెండు పెట్టాలి," అన్నాడు సూటాయన, టీలో బిస్కెట్టు ముంచుతూ.

ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇక నోటికి అడ్డూ అదుపూ లేదు. డైరెక్టర్లుగా వచ్చేవాళ్ళకు కుంచెకూ చీపురుకూ తేడా తెలియదంది. తమరు మాత్రం చూడగానే పెద్దమనిషని తెలిసిపోయిందంది. అదిగో ఆ స్టూలు మీది శాల్తీని చూడండి, వేళకు రాడు, గడ్డం గీసుకోడు, ఇలాంటివాళ్ళతో నెట్టుకొస్తున్నానంది.

"ఇక లేవొచ్చా?" అన్నాడు స్టూలు మీది మనిషి, పెదవులు కదపకుండా.

లెమ్మంది. ఆయన నడుం పట్టుకుని లేచి, బొమ్మలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్ళాడు. ఒకదాంట్లో ఆయన గడ్డం మొలిచిన బంగాళాదుంప. ఇంకోదాంట్లో ముక్కు తప్ప మనిషే లేడు. కళ్ళజోడు పిల్ల బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. చెవుల్లోంచి పచ్చగా అడవి, అందులో పిట్టలు.

ఇది నాకిస్తావా అని అడిగాడు. ఇంకా ఆరలేదు, ఆరినా ఇవ్వను, అంది ఆ పిల్ల.

"సరే. వచ్చేవారం మళ్ళీ వచ్చి అడుగుతాను."

వచ్చేవారం పళ్ళ బొమ్మలు, మీ అవసరం ఉండదు, అని టీచరు ఆయన సంచి తీసి చేతికిచ్చింది.

ఆఖరి బిస్కెట్టు నోట్లో వేసుకుని, టై సర్దుకుంటూ, సూటాయన ఖాళీ అయిన స్టూలు దగ్గరికి వచ్చాడు.

"పిల్లలు బొమ్మ గీస్తారని ఫోన్లో చెబితే మా బావగారి సూటు అడిగి మరీ వేసుకొచ్చాను, ఇక నన్ను కూర్చోమంటారా అమ్మా?"