ఎడం ఎడంగా

కొత్త టైపు మిషను వచ్చిందన్న కబురు అటెండరు ఐలయ్య మోసుకొచ్చేసరికి పుణ్యవతి పాత మిషనుతో కుస్తీ పడుతోంది. జీపులోంచి పెట్టె దింపుతున్నారట, పైన కట్టిన తాళ్ళు కూడా ఇంకా విప్పలేదట. ఆమెకు లేచి గంతెయ్యాలనిపించింది. మెళ్ళో పసుపుతాడు పచ్చదనమైనా తగ్గని కొత్త పెళ్ళికూతురు ఆఫీసులో గంతేస్తే బావుండదని, బల్ల కింద రెండు కాళ్ళూ ఊపుకుని సరిపెట్టుకుంది.

పాత మిషనుకు ఒక జబ్బుంది. ఒక్క అక్షరం కొడితే రెండక్షరాల దూరం దూకుతుంది. కొట్టిన ప్రతిసారీ దాన్ని వెనక్కి నెట్టి, అప్పుడు మరో అక్షరం కొట్టాలి. అలా ఒక ఉత్తరం పూర్తయ్యేసరికి గచ్చిబౌలి బండల మీంచి ఎండ దిగిపోతుంది, సాయంత్రం బస్సూ వెళ్ళిపోతుంది. ఆ బస్సులో, లింగంపల్లి బడిలో లెక్కలు చెప్పే ఆమె భర్త పార్థసారథి పక్కనున్న కిటికీ సీట్లో ఆమె కోసం చేతిరుమాలు పరిచి కూర్చుంటాడు. స్టాపులో పుణ్యవతి కనబడకపోతే రుమాలు దులుపుకుని దిగిపోతాడు. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ కల్వర్టు మీద కూర్చుంటారు. అది బాగానే ఉంటుంది గానీ, ఆ రెండో బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఆయన ముందు, ఈమె వెనక, మధ్యలో మెహదీపట్నం దాకా ఊరంతా.

కొత్త మిషనుంటే ఆ మొదటి బస్సు రోజూ తనదే. అలా అనుకుంటూ ఉండగానే సూపరింటెండెంటు వెంకటరామయ్యగారు గదిలోకి పిలిచారు.

గదిలో పెద్ద టైపిస్టు భ్రమరాంబ అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చిందని వెంకటరామయ్యగారు వెలిగిపోతూ చెప్పారు. పుణ్యవతి కొట్టిన ఉత్తరాల పైవరుసలో ఉండే తలకట్లు పెద్దాఫీసరుగారికి తెగ నచ్చేశాయట. అక్షరాలు ఎడం ఎడంగా, పెళ్ళిపందిట్లో భోజనాల బంతి వేసినట్టు దర్జాగా ఉన్నాయట. ఇకనుంచి ఈ ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి కాగితానికీ తలకట్టు అలాగే ఉండి తీరాలని ఉత్తర్వు.

"కాలేజీలో చదివిన పిల్లంటే అదీ," అన్నారాయన భ్రమరాంబ వైపు చూసి.

పుణ్యవతి ముసిముసిగా నవ్వి నేల చూసింది. ఒళ్ళు విరుచుకుని ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు మొదటి వరుసకే మిషనును వెనక్కి నెట్టే ఓపిక లేక, దాని దూకుడు దానికి వదిలేస్తుంది. అది పొరపాటులా కనబడకుండా కింద ఒక చుక్కల వరుస పెడుతుంది. అంతే. అయినా పొగిడే నోటికి అడ్డం పడటం ఎందుకని ఊరుకుంది.

"అందుకని కొత్త మిషను భ్రమరాంబగారికి ఇచ్చేస్తున్నాను," అన్నారు వెంకటరామయ్యగారు. "నేర్పున్నవాళ్ళకి ఏ మిషనైతేనేం? లేనివాళ్ళకి మిషనన్నా మంచిదుండాలి కదా."

పుణ్యవతి నవ్వు ఆరిపోయింది. కీర్తి కావాలా, కిటికీ పక్క సీటు కావాలా అని తేల్చుకోవడానికి మాత్రం ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"అది నా నేర్పు కాదండి," అంది. "మిషను జబ్బండి."

ఆయన నమ్మలేదు. స్వయంగా వచ్చి పాత మిషను ముందు కూర్చుని, ఒంటివేలితో తన పేరు కొట్టుకున్నారు. పేరు కాగితం ఈ చివర నుంచి ఆ చివరదాకా దర్జాగా పరుచుకుంది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయారు. పదవి కూడా పెరిగినట్టుంది ఆ వాలకం.

"ఇన్నాళ్ళూ ఏం పిండివంటో అనుకున్నాం," అంది భ్రమరాంబ. "మాడిన అట్టన్నమాట."

వెంకటరామయ్యగారికి ఆ మాట వినబడినట్టు లేదు. ఇది ప్రతి అక్షరానికీ ఇలాగే దూకుతుందా, ఎప్పుడైనా తప్పుతుందా అని అడిగారు. ఒక్కసారీ తప్పదని పుణ్యవతి ఒట్టేసినంత పని చేసింది. ఆ మిషను మీద కోపమంతా వెళ్ళగక్కే అవకాశం ఇన్నాళ్ళకు దొరికింది మరి. కొత్త మిషనులో అయితే తలకట్టుకు మాత్రం అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ మీట నొక్కుకుంటే సరిపోతుందని, అదేం బ్రహ్మవిద్య కాదని కూడా చెప్పింది.

"మరిచిపోతారమ్మా," అన్నారాయన దిగులుగా. "మనుషులు కదా."

కాసేపు గడ్డం గోక్కుని, చివరికి కొత్త మిషను ఆమెకే అన్నారు. ఇవాళ్టికి పని చాలు, వెళ్ళమన్నారు కూడా.

పుణ్యవతి సంచీ అందుకుని, చెప్పుల్లో గులకరాళ్ళు పడుతున్నా ఆగకుండా బస్సు స్టాపు దాకా పరుగెత్తింది. బస్సు వచ్చింది. కిటికీలోంచి పార్థసారథి ముఖం, ఆమెను చూడగానే వెడల్పైన ఆ నవ్వు. రుమాలు తీసి, సీటు మీద లేని దుమ్ము కూడా దులిపి ఆమెను కూర్చోబెట్టాడు. జేబులోంచి వేరుశనక్కాయల పొట్లం తీశాడు. రోజూ ఇలాగేనా అని అడిగాడు. రోజూ ఇలాగేనంది. ఆయన కాయ వలిచి గింజలు ఆమె అరచేతిలో పోస్తున్నాడు. ప్రపంచంలో ఇంకేం కావాలో ఆమెకు తోచలేదు.

కండక్టరు బెల్లు కొట్టబోతుండగా ఐలయ్య రొప్పుతూ వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"అమ్మా, రేపు జర జల్దిగ రమ్మన్నరు సారు. మెకానిక్ వస్తడంట. పాత మిషిన్ల ఏం ఖరాబైందో మీతోని అడిగి, కొత్తదాన్ని గూడ అచ్చం గట్లనే ఖరాబ్ చేస్తడంట."