కంచె లెక్క

షహనా ఆ లెక్కని ఐదోసారి కొట్టేసింది.

పరీక్ష రెండున్నరకి. ఇంకా నలభై నిమిషాలుంది. తిరువూరులో పరీక్ష సెంటరు పడ్డ స్కూలు ప్రహరీ నీడన కూర్చుని నోట్సు మీదకి వంగిందేగానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగి అంకెలు కనిపించడం లేదు.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి. మిగతావన్నీ గట్టెక్కాయి. లెక్కలు మాత్రం మూడుసార్లు పోయాయి.

గంపలగూడెం దగ్గర పల్లెలో పదకొండేళ్ళుగా అంగన్‌వాడీ ఆయాగా చేస్తోంది. పదో తరగతి ఉంటే టీచరు పోస్టుకి పెట్టుకోవచ్చు. ఆగస్టు దాటితే వయసు దాటిపోతుంది. ఆ తర్వాత పాసైనా ఎవరూ తీసుకోరు. లారీ మీంచి పడ్డ మొగుడు అమానుల్లా మంచం పట్టి రెండేళ్ళయింది.

"ఏ లెక్కమ్మా అది?"

తలెత్తింది. యాభై ఏళ్ళ మనిషి. మాసిన చొక్కా, చేతుల నిండా ముళ్ళు గీరుకున్న చారలు. పక్కన పాత మోటారు సైకిలు. కూతుర్ని దింపడానికొచ్చాడు కాబోలు అనుకుంది.

"మీకెందుకులెండి," అంది విసుగ్గా.

ఆయన నొచ్చుకోలేదు. వంగి చదివాడు.

"దీర్ఘచతురస్రాకార స్థలం. పొడవు, వెడల్పు కంటే ఆరు మీటర్లు ఎక్కువ. చుట్టుకొలత నలభై నాలుగు. కొలతలెంత?"

"రెండూ తెలియకుండా ఎట్లా చెప్పాలి? ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతున్నా."

"నేను చేలకి కంచెలేస్తా. దీన్నీ చేననుకో." పుల్లతో మట్టిలో నాలుగు గీతలు గీశాడు. "వెడల్పు తెలీదు గదా. తెలీనిదానికి ఒక పేరు పెట్టు. ఎక్స్ అను. మరి పొడవు?"

"ఎక్స్ కంటే ఆరు ఎక్కువ."

"ఆఁ. ఇప్పుడు కంచె వెంట చుట్టూ తిరుగు. ఎన్ని ఎక్స్‌లు తగిలినయ్?"

ఆమె వేలు గీతల వెంట నడిచింది.

"నాలుగు. రెండు ఆర్లు కూడా ఉన్నాయి. పన్నెండు."

"మొత్తం నలభై నాలుగన్నాడు. పన్నెండు పక్కన పెట్టు."

"ముప్పై రెండు... నాలుగు ఎక్స్‌లు కలిసి ముప్పై రెండు." ఆగింది. "ఒకటి ఎనిమిది. వెడల్పు ఎనిమిది. పొడవు పద్నాలుగు."

"సరిచూసుకో."

కూడింది. రెండింతలు చేసింది. నలభై నాలుగు.

"ఇంతేనా అన్నా?" అంది నమ్మలేనట్టు.

"ఇంతే."

గేటు దగ్గర పిలుపు వినిపించింది. "హాల్ టికెట్లు తీసి పట్టుకోండి."

షహనా సంచిలో చెయ్యి పెట్టింది. తడిమింది. సంచి మొత్తం ఒళ్ళో బోర్లించింది.

"టికెట్టున్న కవరు ఆటోలో మర్చిపోయా," అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

"ఏ ఆటో?"

"గంపలగూడెం ఆటో. నల్ల టాపు, వెనకాల ఆకుపచ్చ చంద్రవంక బొమ్మ."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ పది. ఒక్క క్షణం తటపటాయించాడు.

"నిండేదాకా బస్టాండు దగ్గర్నించి కదలదు. నేను తెస్తా. నువ్వు గేటు దగ్గరే నిలబడు, రాగానే లోపలికెళ్ళిపోవాలి."

బండి వెళ్ళిపోయింది.

అందరూ లోపలికెళ్ళారు. గేటు దగ్గర కానిస్టేబులూ షహనా మిగిలారు.

"సార్, ఇదే నాకు ఆఖరుసారి. లోపల కూర్చోనివ్వండి, టికెట్టు వస్తుంది," అని చేతులు జోడించింది.

"టికెట్టు లేకుండా కుదరదమ్మా. రెండున్నరకి గేటేసేస్తా."

రోడ్డు చివరిదాకా చూసింది. లారీలు వస్తున్నాయి, ఆటోలు వస్తున్నాయి. ఆ బండి రావడం లేదు. గేటు ఊచ పట్టుకుంది.

గంట మోగింది. కానిస్టేబులు గేటు నెట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది బండి. ఆయన దిగకుండానే చెయ్యి చాపాడు. షహనా కవరు లాక్కుని సందులోంచి లోపలికి దూరింది. వెనకాల గడియ పడింది.

తిరిగి చూసింది. ఆయన బండి దిగి, ఊచల మధ్యనుంచి కానిస్టేబుల్ని ఏదో బతిమాలుతున్నాడు. ఇంకో చెయ్యి చొక్కా జేబులో ఏదో వెతుకుతోంది.

నేను వచ్చేశాను కదా, ఇంకా దేనికి అడుగుతున్నాడు అనుకుంది. నిలబడి ఒక మాట చెప్పడానికి టైము లేదు. పరిగెత్తింది.

ప్రశ్నపత్రంలో తోట చుట్టుకొలత లెక్క ఉంది. 'వెడల్పు ఎక్స్ అనుకొనుము' అని మొదలుపెట్టి, జవాబు కింద గీత గీసింది. బయటికెళ్ళగానే ఆయన పేరడగాలి, ఇంటికి పిలిచి అమానుల్లాకి చూపించాలి అనుకుంది.

ఇన్విజిలేటరు ఫొటోలున్న హాజరు షీటు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"నీ ఫొటో ఎదురుగా సంతకం చెయ్యమ్మా."

పెన్ను ఆనించబోయి ఆగిపోయింది షహనా; ఆమె ఫొటోకి సరిగ్గా పైగడిలో కంచెలేసే ఆ మనిషి ఫొటో, దాని కింద శౌరయ్య అన్న పేరు, సంతకం ఉండాల్సిన చోట ఎర్ర సిరాతో 'గైర్హాజరు' అని ఉన్నాయి.