మడుగు దగ్గర మొనగాడు

మేస్త్రిగారు వేటకు బయలుదేరారంటే యుద్ధానికి వెళ్తున్నంత హడావిడి. భుజాన తుపాకి, మెడలో బైనాక్యులర్స్, చంకలో గడ్డి దిండు.

వేటంటే అడవంతా గాలించడమేమీ కాదు. ఎండాకాలంలో ఆ కొండల మధ్య ఒక్క మడుగులోనే నీళ్లుంటాయి. దాని ఒడ్డున రాళ్లచాటున దిండు వేసుకుని కూర్చోవడం. నాలుక పిడచకట్టుకుపోయిన జింక నీళ్లకోసం తల వంచగానే పేల్చడం. ఇందులో వీరత్వం ఎక్కడుందో ఆ తుపాకికే తెలియాలి.

అదీ చేతకాలేదు. జింకలు గుంపుగా వచ్చేవి. అల్లంత దూరాన ఆగి, ముక్కులెగరేసి, వచ్చిన దారినే పరుగుతీసేవి. ఈయన లేచి వచ్చేశాక తీరిగ్గా నీళ్లు తాగేవి.

"నిన్ను చూసి నవ్వుకుంటున్నాయేమో బావా," అన్నాడు బావమరిది, భోజనాల దగ్గర.

మేస్త్రిగారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"వానలు పడేలోగా ఒక్క జింకనైనా కొట్టకపోతే తుపాకి స్టేషన్లో అప్పగించేస్తా. మళ్లీ ముట్టుకుంటే నన్ను మనిషే అనకండి."

"ఇప్పుడు మాత్రం ఎవరంటున్నారు?" అంది భార్య, గిన్నెలు తీస్తూ.

ఆవిడకు మొగుడంటే ఎంత చులకనైనా, జంతువుల సంగతి ఆవిడకే బాగా తెలుసని మేస్త్రిగారి నమ్మకం. మనిషి వాసన తగిలితే మృగాలు దగ్గరికి రావనీ, కంపుకొట్టే గడ్డిమీద కూర్చుంటే ఆ వాసన తెలియదనీ చెప్పింది ఆవిడే. దిండు కుట్టిచ్చిందీ ఆవిడే. కంపు తగ్గినప్పుడల్లా కొత్త గడ్డి కూరి ఇచ్చేది. ఆయన తనవంతుగా సబ్బు మానేశారు, తలనూనె మానేశారు. ఆయన పక్కన కూర్చోవడం ఇంట్లోవాళ్లు మానేశారు.

ఇక పొద్దస్తమానం మడుగు దగ్గరే కాపురం. ఆకాశం నల్లబడ్డ సాయంత్రం, ఉన్న కంపు చాలదనుకుని, దిండుతో మెడా మొహం కూడా రుద్దుకున్నారు. ఆ రోజు జింకలు కనుచూపుమేరలోకి కూడా రాలేదు. వాన మాత్రం వచ్చింది.

మర్నాడు తుపాకి అప్పగించి, తడిసిన కోడిలా ఇంటికొచ్చారు.

"నీ దిండులో లోపమేం లేదులేవే, నా జాతకమే అంత," అన్నారు.

"ఇప్పటికైనా తెలిసింది," అంది భార్య.

ఆయన స్నానానికి వెళ్లగానే దిండు కుట్లు విప్పి, గడ్డినంతా సంచిలో కుక్కుకుని డ్యూటీకి బయలుదేరింది. జూలో తాను రోజూ శుభ్రం చేసే పులి బోనులో, తెచ్చినచోటే మళ్లీ పరిచేసింది.