చల్లబడ్డ పట్టీ

"ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గర దిగాడట. ఈ పట్టీ సంగతేం చేశావురా?"

యజమాని అడుగుతూనే ప్యానెల్‌లోకి తొంగిచూసి, మొహాన సెగ కొట్టడంతో వెనక్కి తగ్గాడు. ఎనిమిది మెషిన్లకీ కరెంటు పంచే అల్యూమినియం పట్టీ అది. నూట పది డిగ్రీలు దాటిందని చెప్పాడు ఎలక్ట్రీషియన్. యజమానికి స్వయానా బావమరిది.

రాగి పట్టీ తీసేసి అదే కొలతకి అల్యూమినియం బిగించమన్నది యజమానే. అల్యూమినియానికి ఆ కొలత చాలదని, ఒకటిన్నర రెట్లు లావుండాలని బావమరిది మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కుదరదంటే ఫ్యాక్టరీకి కరెంటు ఉండదు. వారంలో పంపాల్సిన సరుకు గతి అంతే.

"ఏదో ఒకటి చెయ్యరా. నీకు దణ్ణం పెడతాను."

బావమరిది తల గోక్కున్నాడు. "నాలుగు మెషిన్లు ఆపేద్దాం బావా. కరెంటు సగమైతే పుట్టే వేడి పావు వంతే. మీరు ఆయన్ని ఓ గంట కబుర్లతో కూర్చోబెట్టండి."

పెళ్ళయిన పదేళ్ళకి మొదటిసారి బావమరిది ముద్దొచ్చాడు యజమానికి. రెండు కప్పుల టీ, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ కలిపి గంటంపావు లాగాడు.

ఇన్‌స్పెక్టర్ వేడి కొలిచే కెమెరా పెట్టి చూశాడు. యాభై డిగ్రీలు. బాగుందన్నాడు. ఆగిన మెషిన్లు సర్వీసింగులో ఉన్నాయని, అడక్కుండానే చెప్పాడు యజమాని. ఆయన తలూపి, మీటర్లో కరెంటెంతో రాసుకున్నాడు. తర్వాత మెయిన్ బ్రేకర్ మీదున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పి, తీగ చుట్టి సీలు వేశాడు.

"ఇదేంటండీ?"

"ఇంత కరెంటుకి మీ పట్టీ భేషుగ్గా ఉంది. అందుకే అంతవరకే అనుమతి. ఐదో మెషిన్ వేస్తే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోతుంది. సీలు తెంపితే కేసవుతుంది. పట్టీ మార్చాక కబురు పెట్టండి."

ఆయన వెళ్ళిపోయాడు. యజమాని స్టూలు మీద కూలబడ్డాడు. నాలుగు మెషిన్లతో ఆ సరుకు రెండు వారాలకి గానీ తెమలదు.

"లావు పట్టీలు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందిరా?" అన్నాడు నీరసంగా.

"గేటు బయట లారీలో ఉన్నాయి బావా. నిన్ననే అక్క సంతకం పెట్టిన చెక్కుతో తెప్పించాను." బావమరిది అప్పటికే పాత పట్టీ విప్పడానికి స్పానరు వెతుక్కుంటున్నాడు. "ఇన్‌స్పెక్టర్‌ని పిలిచింది కూడా అక్కే."