వంతెన మీద మనిషి

"పక్కకు జరుగవ్వా, ఫొటోలో పడతాండావు."

"జరగను."

శశికుమార్ కెమెరా దించాడు.

రైళ్లు ఆగిపోయిన పాత వంతెనలంటే అతనికి ప్రాణం. పెన్న మీది ఈ ఇనుప వంతెనను త్వరలో తీసేస్తారని విన్నాడు. అది పోకముందే ఫొటో తీసుకుందామని అనంతపురం నుంచి బైకు మీద వచ్చాడు.

తీరా వస్తే వంతెన మొదట్లోనే, పట్టాల మీద ఈ ముసలామె. పేరు మారెక్క అంది. నెత్తిన కొంగు కప్పుకొని, పక్కన నీళ్ల సీసా పెట్టుకొని కూర్చుంది.

"ఇంత ఎండలో ఈడేం పని నీకు?"

"ఏరొస్తే మా ఊరోళ్లు ఈ దోవనే దాటాల. ఇంకో దోవ లేదు."

కింద చుక్క నీరు లేదు. ఇసుక తెల్లగా మెరుస్తోంది. శశికుమార్‌కు నవ్వొచ్చింది.

"యాడుందవ్వా ఏరు?"

"వానొస్తే అదే వస్తాది. అప్పుడు చూసేకి నువ్వు ఈడ ఉండవులే."

"సరే. రవ్వంతసేపు దిగు. మనిషి లేకుండా ఒక్క ఫొటో తీసుకొని పోతా."

"మనుషులే లేకుంటే వంతెనెందుకప్పా?"

అతనికి విసుగొచ్చింది. అయినా చేతులు జోడించాడు.

"నీ మనవడనుకోవ్వా. ఫొటో తీస్తూనే మళ్లా కూచుందువు. నాదీ పూచీ."

మారెక్క అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. మోకాళ్లు పట్టుకొని లేచి, రైలుకట్ట దిగింది.

శశికుమార్ ఫొటో తీశాడు. అద్భుతంగా వచ్చింది.

అంతలో తుమ్మచెట్ల కింద ఆగివున్న లారీలోంచి మనుషులు దూకారు. అంతవరకూ అది ఇసుక లారీ అనుకున్నాడతను. వాళ్లు గ్యాస్ సిలిండర్లు మోసుకుంటూ వంతెన మీదికి పరుగెత్తారు. ఇనుము మీద నిప్పురవ్వలు లేచాయి.

మారెక్క కట్ట ఎక్కబోతే ఇద్దరు చేతులు అడ్డం పెట్టారు.

ఆమె ఏడవలేదు. శశికుమార్ వైపు చూడనైనా లేదు.

"కొయ్యండ్రా! ఈ కొస కోస్తే ఆ కొస ఉండాది!"

ఏట్లోకి దిగింది. కాలే ఇసుకలో నడిచి అవతలి ఒడ్డు చేరింది. వంతెనెక్కి మళ్లీ పట్టాల మీద కూర్చుంది.

శశికుమార్ ఆ కోసేవాళ్ల మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపన్నా! ఎవరామె?"

మేస్త్రీ ఆ చేతిని సంతోషంగా ఊపాడు.

"పోలీసులు చెప్పినా దిగలేదు సార్, మీ మాటకు దిగింది. ఇన్నాళ్లూ ఈ వంతెనను నిలబెట్టింది ఆ ముసిలామే."