అక్క మెడలో పట్టీ

మా మేనబావ పోలినాయుడిని నేను చచ్చేదాకా క్షమించను. అక్క మెడకు గొంతుపట్టీ కట్టించింది వాడే. ఇప్పుడు మాట రానివాళ్లందరికీ అదే ఉంది. లోపల అనుకున్న మాటను అది పైకి పలుకుతుంది.

మా పైడమ్మక్కకు పుట్టుకతోనే నోరూ, కాళ్లూ స్వాధీనంలో లేవు. ఆమె మూలుగు నాకొక్కడికే అర్థమవుతుందని నాలుగో తరగతిలోనే నా చేత బడి మాన్పించారు. నలభై ఏళ్లు ఆసుపత్రిలోనైనా, పింఛను దగ్గరైనా అక్క మాట నేనే చెప్పాను. నాన్న ఇచ్చిన పొలం వాటా నాకు రాసేస్తానంటోందని ఊరంతా చెప్పిందీ నేనే.

ఆ కాగితం రాయించడానికే అక్కను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు మోసుకెళ్లాను. పోలినాయుడు అక్కడి మెట్ల మీదే ఆమెకు పట్టీ కట్టించాడు. పట్టీ ఉన్నవాళ్ల తరఫున ఇంకొకరు మాట్లాడకూడదట. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు.

"పొలం తమ్ముడికి రాసిస్తావా, అమ్మా?" అని అధికారి అడిగాడు.

"నానెప్పుడూ అలగ అన్లేదు బాబూ," అంది అక్క, పట్టీలోంచి. "అది నా పేర్నే ఉండాల. ఆడే దున్నుకుంటాడు. నా కోసం బడి మానేసినోడు, ఆడి దగ్గర కౌలు అడగను."

లోపలికి వెళ్లి అక్కను ఎత్తుకోబోయాను.

"సిన్నగ ఎత్తరా సూరిగా! ఎడం సెయ్యి నొప్పని నలభై యేళ్ల నుంచీ సెప్తన్నాను."

అటు తిరిగి, కుడివైపు నుంచి ఎత్తుకున్నాను. ఆ రోజు నా చేజారింది అరవై ఎనిమిది సెంట్ల మాగాణి.